గవర్నమెంటు చేపలకి మేత

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా అమ్మ అనేది, తర్వాత మా ఆవిడ అందుకుంది, నేనూ ఎప్పుడూ కాదనలేదు. ఆ కోపాన్ని వెంటబెట్టుకునే తొంభైల చివర్లో భీమవరం పక్కన ఒక ఊరికి హెల్త్ అసిస్టెంటుగా వెళ్లాను. ఆ వైపు బోదకాలు ఎక్కువ. ఆ జబ్బు పురుగుని ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి మోసే దోమ మురికినీళ్లలో పుడుతుంది. దాన్ని పుట్టకుండా చూడటం నా ఉద్యోగం.

నా పనిముట్టు ఒక్కటే, పొడుగాటి కర్రకి బిగించిన తెల్లటి గరిటె. దాన్ని నూతిలోకో, తొట్టిలోకో, మురుగు కాలవలోకో ముంచి పైకి తీస్తే తెల్లటి అడుగు మీద దోమపిల్లలు నల్లగా మెలికలు తిరుగుతూ కనబడతాయి. వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవాలి. ఆఫీసులో దాన్ని డిప్పర్ అనేవాళ్లం. ఊళ్లో మాత్రం అది గరిటె, నేను గరిటెగారు. మావాళ్లు ముచ్చటపడి పెట్టిన పేరు ఆ ఊళ్లో ఎవరికీ అక్కర్లేకపోయింది.

నిలవ ఉన్న నీళ్లు పారబొయ్యమని ఇంటింటికీ తిరిగి చెప్పేవాణ్ని. "అలాగేనండి" అనేవారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు. వారం తర్వాత వెళ్తే అదే తొట్టి, అవే నీళ్లు, అవే దోమ పురుగులు, మళ్లీ మజ్జిగ. మా గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషిని కాదనడం ఉండదు. ఔనని పంపించేసి తమ పని తాము చూసుకుంటారు. నేనూ ఆ నీళ్లు తాగి పెరిగినవాణ్నే, అయినా ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండిపోయేది.

నేను అద్దెకున్నది ఒక మామ్మగారింట్లో, వీధి గదిలో. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఎడమకాలు మోకాలి కింద నుంచి బాగా వాచి ఉండేది. పదిహేనేళ్ల వయసులో జ్వరాలతో మొదలైందట. ఆ కాలుతోనే రోజూ స్కూలుకి నడిచి వెళ్లి వచ్చారు. నేను సామాను దింపుకున్న రోజే, "దీన్ని చూసి భయపడకండి బాబూ, ఇది మీకు అంటుకునేది కాదు" అని నాకే ధైర్యం చెప్పారు. నా ఉద్యోగమేంటో అప్పటికి ఆవిడకి తెలియదు. తెలిశాక పకపకా నవ్వారు.

దోమల మీద సర్కారు చేసిన యుద్ధం అంతా ఆవిడకి కళ్లారా చూసిన సంగతి. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో డి.డి.టి. మనుషులు పంపులు భుజాన వేసుకుని వచ్చేవారట. సామానంతా వీధిలో పెట్టించి, గోడలు తడిపేసి, తలుపు మీద తేదీ వేసి వెళ్లేవారు. వాళ్లు సందు మలుపు తిరగడం ఆలస్యం, అత్తగారు సున్నం కలిపి ఆ గోడలకి మళ్లీ వెల్ల వేయించేసేదట. ఆ తర్వాత రక్తం తీసేవాళ్లు వచ్చారు. బోదకాలు పురుగు రాత్రిపూటే రక్తంలోకి వస్తుంది కాబట్టి వాళ్లూ అప్పుడే వచ్చేవారు. మామ్మగారు నిద్ర లేచి వాళ్లందరికీ కాఫీలు పెట్టేవారు. అందరి చేతా ఏడాదికోసారి మాత్రలు మింగించే రోజులు ఇంకా రాలేదు. "దోమల పని మీద గవర్నమెంటు ఎవర్ని పంపినా మా ఇంట్లో ఏదో ఒకటి పుచ్చుకునే వెళ్లారు" అని గర్వంగా చెప్పుకునేవారు. ఆ మాట నేను అప్పుడే కాస్త జాగ్రత్తగా విని ఉండాల్సింది.

ఆవిడ కూతురు భీమవరంలో టీచరు. ఆదివారం పొద్దున్నే ఎనిమిదేళ్ల పిల్లని తీసుకుని వచ్చేది, దీపాలు పెట్టే వేళకి ముందే బస్సెక్కించి తీసుకుపోయేది. ఆ పిల్ల మామ్మగారి చుట్టూ తిరుగుతుంటే చూడటం నాకు సరదాగా ఉండేది. కానీ ఒడిలోకి రాబోతే మాత్రం ఆవిడ చీర కుచ్చెళ్లు కాలి మీదకి లాక్కుని పక్కకి జరిగేవారు. వాచిన కాలు ఎవరికీ ఏమీ చెయ్యదు, తెచ్చేది దోమే అని నేను చెబుతూనే ఉన్నాను. నాకు ధైర్యం చెప్పిన మనిషి మనవరాలి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నమ్మేవారు కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ కూతురు నా గుమ్మం దగ్గర ఆగింది.

"మా అమ్మ కాలు చూస్తూ పెరిగానండి. రాత్రిపూట పిల్లని ఈ దోమల్లో ఉంచడానికి నాకు మనసొప్పట్లేదు. వేసవి సెలవులకి పంపించమని అమ్మేమో ఏడాదిగా అడుగుతోంది," అంది. "సెలవులిచ్చే రోజుకి ఈ వీధిలో మీ గరిటెకి ఒక్క పురుగు పడకుండా చెయ్యండి. నేనే వచ్చి ముంచి చూస్తాను. అప్పుడు పంపిస్తాను."

మామ్మగారు వెనక నిలబడి విన్నారు. నా మొహంలోకి చూశారు. నేను ఆలోచించకుండా సరేననేశాను.

మా ఆస్పత్రి వెనక సిమెంటు తొట్టిలో గంబూసియా చేపలు ఉండేవి. చిటికెన వేలంత కూడా ఉండవు గానీ దోమపిల్లల్ని వరసపెట్టి మింగేస్తాయి. మా వీధిలో కుళాయిలు వచ్చాక వాడకం పోయిన నూతులు ఐదున్నాయి. ఆకులు రాలి కుళ్లి, నీళ్లు నల్లబడి, దోమలకి అంతకంటే మంచి పురిటిల్లు ఉండదు. డాక్టరుగారిని ఒప్పించి ఆ చేపల్ని ఐదు నూతుల్లోనూ వదలడానికి అనుమతి తెచ్చుకున్నాను.

చేప అన్న మాట చెవిన పడగానే మా ఎదురింటాయన పనంతా తన చేతిలోకి తీసుకున్నారు. ఆయన రొయ్యల రైతు. రొయ్య పిల్లల్ని తెచ్చే కవర్లలో నీళ్లు పోసి, చేపల్ని వేసి, ఆక్సిజన్ పట్టించారు. కొత్త నీళ్లకి అలవాటు పడాలని కవర్ల మూతి విప్పకుండానే నూతిలోకి దింపి అరగంట తేలనిచ్చారు. ఆ అరగంటా వీధి వీధంతా నూతుల్లోకి తొంగి చూస్తూ నిలబడింది. చేపలు నీళ్లలోకి జారాక మామ్మగారు నూతి గట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. మా వీధిలో నా మాట మీద జరిగిన మొదటి పని అదే కాబట్టి నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

వారం తర్వాత గరిటె ముంచితే పురుగులు తగ్గలేదు. రెండో వారం పెరిగాయి. మూడో వారానికి గరిటె అడుగు తెలుపు కనబడనంతగా పెరిగాయి. చేపలు చచ్చిపోయాయా అంటే, లేదు. ఒక్కొక్కటీ బొద్దుగా, నిదానంగా, పెళ్లి భోజనం చేసి అరుగు మీద వాలిన మనుషుల్లా నీళ్ల పైన తేలుతున్నాయి. పిల్లల్ని కూడా పెట్టాయి. డాక్టరుగారు నా పుస్తకం చూసి, మీరు లెక్కపెట్టేది పురుగుల్నా చేపల్నా అని అడిగారు. నా తల ప్రాణం తోకకి వచ్చింది. సెలవులకి ఇంక నెల్లాళ్లే ఉంది.

మర్నాడు పెందలాడే ఇంటికొచ్చి మామ్మగారి పెరట్లోకి వెళ్తే నూతి గిలక పక్కన కొత్త నైలాను తాడు కనబడింది. చేద పడిపోయిందేమో అని పైకి లాగాను. చేద కాదు, చెక్ ట్రే వచ్చింది. రొయ్యల చెరువుల్లో మేత ఏ మేరకు తిన్నాయో చూడటానికి దింపే వల పళ్లెం అది. అందులో ఒక పక్క తడిసిన తవుడు, ఒక పక్క రొయ్యల మేత గుళికలు, మధ్యలో నెయ్యి వాసన ఇంకా పోని పప్పన్నం ముద్ద.

మామ్మగారిని పిలిచాను. నా గొంతు విని ఎదురింటాయన కూడా వచ్చారు. ఆయన మొహంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు, పైగా సంతోషం.

"పొద్దున్న తవుడండి, సాయంత్రం మేతండి. పూటపూటకీ ట్రే లేపి చూస్తన్నాను, ఏం మిగల్చట్లేదు," అన్నారు. "మేత లేకుండా చేప ఎలా పెరుగుద్దండీ?"

ఐదు నూతులకీ ఆయనే ట్రేలు అమర్చారట. ఎవరి నూతిలో చేపల్ని వాళ్లు పోటీలు పడి మేపుతున్నారు. నేను గరిటె ముంచే రోజున అడ్డు రాకూడదని ట్రేలు పైకి తీసేసేవారట. ఊళ్లు తిరిగి అలిసిపోతారు కదా అని నాకు చెప్పలేదట. పప్పన్నం మామ్మగారిది. రోజూ తన కంచంలో మొదటి ముద్ద తీసి నూతిలో వేస్తున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అవి మేపి పెంచే చేపలు కావని, వాటి తిండి నూతిలోని పురుగులేనని, కడుపు నిండా తవుడు పెడితే పురుగుల వంక ఎందుకు చూస్తాయని అరిచాను. మిగిలిన తవుడు కుళ్లి దోమపిల్లలకే బలం అవుతోందని, ఇన్నాళ్లూ వీధి వీధంతా కలిసి దోమల్ని మేపిందని అన్నాను.

"ఇంటికొచ్చిన ప్రాణాన్ని పస్తుంచమంటారేంటి బాబూ?" అన్నారు మామ్మగారు మెల్లగా.

"ఇలాగే మేపండి, మీ మనవరాలు ఈ ఇంట్లో పడుకున్నట్టే," అన్నాను.

అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. ట్రేలో ముద్దని చేత్తో తీసి అరటి మొక్క మొదట్లో వేసి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఎదురింటాయన తాడు చుట్టుకుంటూ నిలబడిపోయారు. నాకు నా మీద అసహ్యం వేసింది.

రెండు రోజులు మామ్మగారు నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం వేళ తప్పకుండా నా గుమ్మం ముందు ఉండేది, మూత పెట్టి. ఆ కాఫీ తాగడం తిట్లు తినడం కంటే కష్టంగా ఉండేది.

మూడో రోజు పొద్దున్న లేచేసరికి ఆవిడ కుడితి తొట్టి మీదకి వంగి ఉన్నారు. చేతిలో టీ వడపోసే జాలీ. తొట్టిలో నీళ్ల మీద జాలీతో నెమ్మదిగా తోడి, పడిన పురుగుల్ని ఒక గిన్నెలోకి దులుపుతున్నారు. నన్ను చూసి గిన్నె ముందుకి చాపారు.

"ఇవేనా వాటి అన్నం?"

అవునన్నాను.

"అదేదో ముందే చెప్పొచ్చు కదా. ఏది తింటే అదే వడ్డిద్దును," అన్నారు. గిన్నె పట్టుకుని నూతి దగ్గరికి వెళ్లి, అంటుకున్న ఒక్క పురుగు కూడా మిగలకుండా కడిగి మరీ పోశారు.

నూతిలోనే అవి కావలసినన్ని ఉన్నాయి, బయటినుంచి తెచ్చిపెట్టక్కర్లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. తొట్టి వంక చూసి మూసేసుకున్నాను. ఆరు నెలలుగా నేను పారబొయ్యమని బతిమాలిన తొట్టిలో నీళ్లు మొదటిసారి శుభ్రంగా ఉన్నాయి. జీవితంలో నేను కోపం తగ్గించుకుని చేసిన తెలివైన పని ఏదైనా ఉంటే ఆ నిమిషం నోరు మూసుకోవడమే.

ఆ మధ్యాహ్నానికి సంగతి వీధంతా పాకింది. ఎదురింటాయన ట్రేలు తీయించి, ఐదు నూతుల్లోనూ వల వేసి కుళ్లిన తవుడూ ఆకులూ పైకి లాగించారు. మొదటి రెండు రోజులు చేపలు కొత్త భోజనం వంక కన్నెత్తి చూడలేదు. మూడో రోజుకి ఆకలి తెలిసింది. నాలుగో రోజుకి ఎగబడ్డాయి. మామ్మగారు గట్టు మీద మోచేతులు ఆనించి చూసి, "తింటున్నాయి బాబూ" అన్నారు. నా మీద కోపం పూర్తిగా పోయిందని నాకు అప్పుడు తెలిసింది.

ఇక ఆ వీధిని ఆపడం ఎవరి తరం కాలేదు. రోళ్లలో నీళ్లు, కొబ్బరి చిప్పల్లో నీళ్లు, పూలకుండీల కింద పళ్లాల్లో నీళ్లు, పాత టైర్లలో నీళ్లు, అన్నీ జాలీతో తోడి ఖాళీ చేసేశారు. వీధి చివర మురుగు కాలవలో పురుగులు దండిగా ఉన్నాయని ఎవరో చూశారు. తోడటానికి పూడిక అడ్డమొచ్చిందని పారలు తెచ్చి తీసేశారు. దాంతో నీళ్లు పారిపోయి పురుగులూ కొట్టుకుపోతే, కాలవ బాగుపడినందుకు సంతోషించాల్సింది పోయి మేత పోయిందని చింతించారు. తగువులు కూడా నా దగ్గరికే వచ్చేవి. మా రోట్లో పురుగులు పక్కింటావిడ మేం ఇంట్లో లేని వేళ చూసి పట్టుకుపోయిందండి అని ఒకావిడ ఫిర్యాదు చేసింది. ఎవరి తొట్టిలోవి వాళ్ల నూతికే అని నేను తీర్పు చెప్పాను. ఇంత ముఖ్యమైన తీర్పు నా సర్వీసులో మళ్లీ చెప్పలేదు.

గరిటెలో తెల్లటి అడుగు మళ్లీ కనబడటం మొదలుపెట్టింది. వారం వారం పురుగులు తగ్గుతూ వచ్చాయి. సెలవులకి నాలుగు రోజుల ముందు నేను వీధంతా తిరిగి ముంచితే ఒక్కటి కూడా పడలేదు. నమ్మకం కుదరక రెండోసారి తిరిగాను.

స్కూలు మూసిన రోజు మధ్యాహ్నం కూతురు పిల్లతో దిగింది. బట్టల సంచి తెచ్చింది గానీ దాన్ని లోపలికి తీసుకెళ్లలేదు, అరుగు మీదే పెట్టింది. నా చేతిలో గరిటె తీసుకుని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారిలా బయల్దేరింది. ఐదు నూతులూ ముంచింది. తొట్లు, రోళ్లు, కాలవ, ఏదీ వదల్లేదు. ఒక నూతిలో గరిటెలోకి చేపపిల్ల ఎగిరి పడితే పిల్ల చప్పట్లు కొట్టింది. పురుగు మాత్రం పడలేదు. వెనకాల వీధిలో సగం మంది పరీక్ష రాస్తున్న పిల్లల్లా చప్పుడు చెయ్యకుండా నడిచారు.

చివరికి మామ్మగారి పెరట్లోకి తిరిగి వచ్చాం. స్నానాల గది వెనక నీడలో ఒక సత్తు బిందె ఉంది, మూతికి పాత చీర ముక్క కట్టి. నేను దాన్ని అంతకు ముందు చూడలేదు. కూతురు గుడ్డ విప్పింది. గరిటె ముంచే అవసరం లేకపోయింది. బిందె నిండా పురుగులు బిలబిలలాడుతున్నాయి.



"ఇదేంటమ్మా?"

"చేపలకే," అన్నారు మామ్మగారు. "వారం నుంచి ఎక్కడా దొరకట్లేదే. సెలవులకి పిల్ల వస్తే దాని చేత వేయిద్దామని దాచాను. గుడ్డ కట్టాను కదా, దోమైనా బయటికి రాదు."

కూతురు గరిటె గోడకి చేరేసి, అరుగు మీద సంచి వైపు చూసింది. ఒక్క పురుగు కూడా పడదని మాట ఇచ్చినవాణ్ని నేను, ఇక్కడ బిందె నిండా ఉన్నాయి. పిల్ల తల్లి మొహంలోకి ఒకసారి, అమ్మమ్మ మొహంలోకి ఒకసారి చూసింది.

మామ్మగారు వంగి బిందె ఎత్తుకున్నారు. నూతి వైపు వెళ్తారనుకున్నాను. వెళ్లలేదు. నూతి పక్కనుంచి నడిచి, ఎండకి కాలిపోతున్న దొడ్డి మట్టి మీద ఆ బిందె బోర్లించేశారు. మట్టి ఒక్క గుక్కలో నీళ్లు తాగేసింది.

"అయ్యో, వారం రోజుల మేతండీ," అన్నారు ఎదురింటాయన, ఆపుకోలేక.

కూతురికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లనీళ్లొచ్చాయి. రెండూ ఒకేసారి తుడుచుకుంటూ వెళ్లి, అరుగు మీద సంచి తీసుకుని లోపల మంచం మీద పెట్టింది. సాయంత్రం బస్సుకి తను ఒక్కతే వెళ్లింది. వెళ్లేముందు దోమతెర కట్టడం మాత్రం మర్చిపోవద్దని నాకు మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ "అలాగేనండి" అన్నాను, కానీ నిజంగానే కట్టాను.

దీపాలు పెట్టాక మామ్మగారు పెరటి అరుగు మీద పిల్లకి అన్నం కలిపి పెట్టారు. పిల్ల మొదటి ముద్ద చేతిలో పట్టుకుని నూతి వైపు చూసి, చేపలు ఏం తింటాయని అడిగింది.

"ఇవాళ్టికి పస్తుంటాయి," అన్నారు మామ్మగారు. "ముందు నువ్వు తిను."

తిన్నాక పిల్ల ఒడిలోకి వచ్చి పడుకుంది. ఆవిడ కుచ్చెళ్లు లాక్కోలేదు, పక్కకి జరగలేదు. ఆ వాచిన కాలి మీదే మనవరాలి తల పెట్టుకుని, నిద్ర పట్టేదాకా జుట్టు నిమురుతూ కూర్చున్నారు.